అమావాస్య నాటి కొలతలు

బేతంచెర్ల,
23 ఏప్రిల్ 2025, బుధవారం

ఏసేపన్న ఎడమకాలి మూడు వేళ్ళు పోయినాయి. తీసింది కర్నూలు ఆసుపత్రి డాక్టరు కాదు. మీ నలుగురి ప్రాజెక్టు పుస్తకంలో ముప్పై నాలుగో పేజీ తీసింది.

ఎట్లుండావు, తింటాండావా అని అడగబోవడం లేదు. కాగితం మీద ఎందుకు రాస్తాండానంటే, ఫోన్లో నువ్వు మాట్లాడేది నాకు వినపడదు. ఐదేండ్లు కట్టింగు మిషను పక్కన నిలబడిన చెవులు ఇవి. వాట్సాపులో అయితే నువ్వు రాస్తావు, చెరిపేస్తావు. సోమవారం సాయంత్రం నాలుగు మెసేజులు పెట్టి నాలుగూ చెరిపేసినావు. కాగితం మీద చెరిపితే మచ్చన్నా కనపడతాది.

ఏం జరిగిందో రాస్తా. మా ఓనరు తిమ్మయ్యకు నువ్వు వచ్చి ఇచ్చిపోయిన పుస్తకం ఆఫీసులో దేవుని పటం పక్కన పెట్టినాడు. నల్లట్ట, బంగారు అక్షరాలు. బండలు కొనడానికి వచ్చిన ప్రతి పార్టీకి చూపిస్తాడు, 'మా ఫ్యాక్టరీ మీద ఇంజనీర్లు పుస్తకం రాసినారప్పా' అని. పోయిన వారం బండలు ఎత్తే నలుగురిలో ఇద్దరిని తీసేసినాడు. ఇంక మనుషులు ఎత్తే పని లేదు, పట్టకారుతోనే అన్నాడు. అదే, నేను చేసిన పట్టకారు. లారీ టైరు కోసి దవడలకు రబ్బరేసి, మర బిగిస్తే బండను పట్టుకునేటట్లు, కప్పీ గొలుసుకు తగిలించి లేపేటట్లు నేను పాత ఇనుముతో చేసింది. మీరు దానికి పెట్టిన ఇంగ్లీషు పేరు నాకు నోరు తిరగదు.

నేను ఓనరుకాడికి పోయి చెప్పినా. ఎండిన బండకైతే సరే, పాలిష్ మిషను మీదినుంచి దిగే తడి బండకు వద్దు, జారతాదని. ఆయన పుస్తకం తీసి ముప్పై నాలుగో పేజీ నా మొగం ముందర పెట్టినాడు. 'రెండు వందల యాభై కిలోలు అని రాసినారు. వాళ్ళు చదివినారా, నువ్వు చదివినావా?' అన్నాడు. నేను పదో తరగతి. ఏం చెప్పాల?

సోమవారం పదకొండు గంటలకు ఆరడుగుల బండ, నూట నలభై కిలోలు ఉంటాది, మోకాలెత్తు లేసి జారింది. ఏసేపన్న చెప్పుల కాలు కింద ఉండాది. బండ పగల్లేదు. చూడు, బండకు ఏం కాలేదు.

నిన్న ఆఫీసులో ఎవరూ లేనప్పుడు ఆ పుస్తకం మొత్తం చదివినా. ఫోన్లో ఒక్కో మాటకు అర్థం చూసుకుంటా చదివినా. పట్టకారు ఉండాది. నా రబ్బరు ఉండాది. నేను మర ఎన్ని చుట్లు తిప్పాలని చెప్పింది కూడా ఉండాది. నేను లేను. అది పోనీలే. తడి అన్న మాట లేదు. యాభై ఎనిమిది పేజీల్లో నీళ్ళ చుక్క లేదు మహేశ్వరీ. పాలిష్ ఫ్యాక్టరీ మీద రాసిన పుస్తకంలో నీళ్ళు లేవు!

నేను నీకు చెప్పినా. నా నోటు పుస్తకాలు మూడూ నీకే ఇచ్చినా. ఆ మాట ఎవరు తీసేసినారు? నువ్వా, మీ నలుగురిలో ఆ ఓబుళేశా? ఆదివారం లోపల నాకు తెలియాల.

హనుమేష్


కడప, లేడీస్ హాస్టల్,
26 ఏప్రిల్ 2025

హనుమేషన్నా,

నీ ఉత్తరం క్లాసులో ఉండగా వచ్చింది. వార్డెను చేతికిస్తూ 'ఈ కాలంలో ఉత్తరాలు రాసేదెవరే, లవ్ లెటరా' అని నవ్వింది. మొదటి వాక్యం చదివి మెట్ల మీద కూర్చుండిపోయినా.

ఏసేపన్నకు ఇప్పుడెట్ల ఉండాది? నడవగలడా? జనవరిలో నేను వచ్చినప్పుడు నాకు మజ్జిగ తెచ్చిచ్చింది ఆయనే కదా. 'మా హనుమేషు చెల్లెలంటే మాకూ చెల్లెలే' అని కుర్చీ తుడిచి వేసినాడు. ఆ మనిషే కదా?

చెరిపేసిన మెసేజుల గురించి. ముందు ఓనరు ఓబుళేశుకు ఫోన్ చేసినాడు, ఓబుళేశు నాకు చెప్పినాడు. నీకు ఏం రాయాలో తెలీక రాసినా, తప్పుగా ఉందని చెరిపినా, మళ్ళీ రాసినా. దాచడానికి కాదు.

ఇక నీ పేరు. అన్నా, నువ్వు కోపంలో మర్చిపోయినావు. జనవరి పందొమ్మిది, ఆదివారం, మిషన్ల వెనకాల నిలబడి నువ్వే నాకు చెప్పినావు. 'నా పేరు యాడా రానీయొద్దు. ఈ ఇనుమంతా ఫ్యాక్టరీ పాత సామానులోది. ఓనరు చూస్తే దొంగోడంటాడు' అని. నేను రాసిన మొదటి కాపీలో నీ పేరు ఉండాది. నువ్వు చెప్పినందుకే తీసినా. తీసేటప్పుడు నా చెయ్యి రాలేదు, నమ్మితే నమ్ము.

తడి సంగతి. పరీక్ష చేయడానికి మాకు ఓనరు ఇచ్చింది ఒకే ఒక్క రోజు, శివరాత్రి మరుసటి రోజు అమావాస్య. మిషన్లు ఆపుతారు, అప్పుడైతే మేము పనికి అడ్డం రామని. నువ్వు మహానంది నుంచి ఆ పొద్దుటికి వచ్చేస్తానన్నావు. మేము తొమ్మిదింటికల్లా వచ్చినాము. మిషన్లకు నిమ్మకాయలు కట్టి, టెంకాయ కొట్టి పోయినారు, వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. మధ్యాహ్నం దాకా నీకోసం చూసినాము. రాలేదు. ఉన్న బండలతో చేసినాము. పదిసార్లు ఎత్తి పదిసార్లు రాసుకున్నాము. ఒక్క అంకె కూడా మేము పుట్టించలేదు. అన్నా, నా ఒట్టు.

నీ నోటు పుస్తకాల్లో తడి గురించి నాకు కనపడలేదు.

ఒకటి అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. బండ గాల్లో ఉన్నప్పుడు ఏసేపన్న దాని కింద కాలెందుకు పెట్టినాడు? సేఫ్టీ గురించి మేము ముప్పై ఆరో పేజీలో రాసినాము.

మే 16న వైవా. ఫైనల్ కాపీ ఇప్పటికే గైడు సారు సంతకం పెట్టినాడు. మా అమ్మకు, అదే నీ చిన్నమ్మకు, ఇంకా చెప్పలేదు. నువ్వూ చెప్పొద్దు, ఆమెకు బీపీ.

నీ చెల్లెలు,
మహేశ్వరి


బేతంచెర్ల,
29 ఏప్రిల్ 2025

కాలెందుకు పెట్టినాడని అడిగినావే, ఆ మాట చదివి నీ ఉత్తరం మడిచి మిషను కింద పెట్టినా. మల్ల నేనే తీసుకున్న్యా.

ఎందుకు పెట్టినాడో చెప్తా. మిషను మీదినుంచి బండ దిగేటప్పుడు తెల్లటి రాతిబురద కారతాంటాది. కింద నేలంతా అదే. నలుగురు పట్టే బండను ఇద్దరితో పట్టిస్తే, ఊగకుండా ఒకడు తొడతో ఆనించాల. తొడ ఆనించాలంటే కాలు ముందుకు పెట్టాల. ఇంకో ఇద్దరు ఉంటే ఆ కాలు ఆడ ఉండేది కాదు. ఆ ఇద్దరిని పంపించింది మీ పుస్తకం. ముప్పై ఆరో పేజీ ఇంగ్లీషులో రాసినారు. ఏసేపన్న తెలుగు బైబిలు చదువుతాడు, అది కూడా వేలు పెట్టుకొని.

పేరు సంగతి నిజం. నేనే చెప్పినా. ఒప్పుకుంటా. కానీ ఇప్పుడు ఏమైందో చూడు. నిన్న నాగక్క, ఏసేపన్న పెండ్లాం, ఆసుపత్రి వరండాలో నన్ను చూసి లేసింది. తిట్టలేదు. తిట్టింటే బాగుండేది.

'నువ్వే కదప్పా చేసింది అది?' అనింది.

'నేనే అక్కా.'

'మరి కాలేజీ పిల్లోళ్ళు చేసినారని ఓనరు చెప్తాండాడే. పుస్తకంలో నీ పేరు లేదంట కదా.'

'లేదు.'

'మంచి పని. మంచికి లేవు, చెడ్డకు ఉండావు. నీ మాదిరోళ్ళు మా ఇండ్లల్లో శానామంది ఉండారులే' అనింది.

ఏసేపన్న మంచం మీదనుంచి అరిచినాడు, 'వాన్ని ఏమీ అనాకు నాగా, వాడు వద్దని చెప్పినాడు' అని. దానికే నాకు ఇంకా సిగ్గయింది.

ఆ అమావాస్య రోజు ఎందుకు రాలేదంటే, మహానందిలో బస్సు దొరకలేదు. శివరాత్రి జనం. మూడు బస్సులు నిండి పోయినాయి, తలుపుకు యాలాడదామన్నా చోటు లేదు. నేను ఫ్యాక్టరీకి వచ్చేసరికి మీరు పోయినారు. నా పట్టకారు గోడకు ఆనించి ఉండాది, దాని మీద మీ కాలేజీ కాగితం అతికించి ఉండాది.

ఇప్పుడు నీకు అర్థం కావాల్సింది చెప్తా. శివరాత్రి రోజు మిషన్లు లేవు. అమావాస్య రోజూ లేవు. రెండు దినాలు ఎండిన బండలు అవి. ఏడాదిలో మా ఫ్యాక్టరీలో బండలు ఎముక మాదిరి ఎండి ఉండేది ఆ ఒక్క రోజే. మీరు సరిగ్గా ఆ రోజు వచ్చి కొలిచినారు. మీరు అబద్ధం రాయలేదు, నాకు తెలుసు. ఏడాదికి ఒక్కరోజు ఉండే నిజం రాసి, మిగిలిన దినాలకు కూడా అదేనని ముద్రేసినారు.

ఇంకా ఉండాది. ఓనరు బామ్మర్దికి నంద్యాల దావలో రెండు ఫ్యాక్టరీలు ఉండాయి. వాళ్ళకు ఆరు పట్టకార్లు కావాలంట, మీ పుస్తకంలో బొమ్మ చూసి చేయాలంట. వెల్డింగు నేనే చేయాలంట. 'ఏసేపు పొరపాటు పడినాడు గానీ మిషను తప్పేం లేదు, కాలేజీ పుస్తకమే చెప్తాంది' అంటాండాడు. ఆరు ఇంటూ ఒక్కోదానికాడ ఇద్దరు. పన్నెండు మంది కాళ్ళు. లెక్క నీకు బాగా వస్తాది.

మూడో నోటు పుస్తకం, వెనకవైపు చూడు. తడి కొలత ఆడ రాసినా. తడిస్తే పట్టు సగానికి సగం పడిపోతాది. అది పుస్తకంలో ఎక్కించు. సారుకు చెప్పు. వైవాకు ముందే.

హనుమేష్


కడప,
2 మే 2025

అన్నా,

నిన్న సెలవు. మేము నలుగురం లైబ్రరీ వెనక క్యాంటీన్లో కూర్చున్నాము. నీ రెండు ఉత్తరాలూ చదివి వినిపించినా. నాగక్క మాటలు వచ్చిన చోట ఆపేసినా, లక్ష్మీప్రియ తీసుకొని మిగతాది చదివింది.

ఎవరు ఏమన్నారో అట్లే రాస్తా, నువ్వే చూసుకో.

లక్ష్మీప్రియ ముందు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకొని, 'టేబుల్ మారిస్తే గ్రాఫు మారతాది. గ్రాఫు మారితే ముగింపు మారతాది. ముగింపు మారితే ఇది ప్రాజెక్టే కాదు కదా' అనింది. అది నిజమే అన్నా.

ఓబుళేశు గట్టిగా మాట్లాడినాడు. 'మహేశ్వరీ, నాలుగేండ్లు చదివింది నువ్వొక్కదానివేనా? నాకు జూలైలో జాయినింగు. మా నాయన తుమ్మలపల్లె గనిలో కాంట్రాక్టు కూలి, ఊపిరి తీస్తే ఈలేసినట్లు వినపడతాది. ఆయన్ని ఆ పని మాన్పించాలని ఈ ఉద్యోగం తెచ్చుకున్నా. మీ అన్నకు చెప్పు, కూలోళ్ళు వాళ్ళింట్లోనే లేరు, మా ఇంట్లోనూ ఉండారని' అన్నాడు.

బసవరాజు నీకు తెలుసు కదా, పరీక్ష రోజు ఒక్క పానా కూడా పట్టుకోకుండా సెల్ఫీలు తీసుకున్నవాడు. 'నాకేం తెలీదు, మీరేం చేసినా సరే, నా పేరు మాత్రం ఉండనీయండి' అన్నాడు. మాలో నిజాయితీగా మాట్లాడింది వాడొక్కడేనేమో.

నేను ఒక్కదాన్నే గైడు సారుకాడికి పోయినా. 'సంతకం పెట్టిన డేటా మార్చితే నేను యూనివర్సిటీకి జవాబు చెప్పాలమ్మా. నువ్వు చెప్పే తడి కొలత ఎవరు తీసినారు? ఎప్పుడు? రికార్డు ఉందా?' అన్నాడు. లేదన్నా. 'రికార్డు లేనిది కొలత కాదు, కబుర్లు' అన్నాడు.

అందుకే నీ పుస్తకాలు మూడూ ముందేసుకొని పేజీ పేజీ చూసినా. మూడో పుస్తకం వెనకవైపు చీటీల పాట లెక్కలు, ఒక సినిమా టికెట్టు, రబ్బరు మందాలు ఉండాయి. తడి కొలత లేదు. జెరాక్సు తీసి ఈ కవరులో పెడతాండా, నీ కళ్ళతో నువ్వే చూసుకో.

నువ్వు రాయలేదన్నా. నీకు తెలిసీ రాయలేదు. నేను రికార్డు లేని మాట పట్టుకొని నలుగురి డిగ్రీ మీదికి ఎట్ల పోవాల? నువ్వే చెప్పు. ఇన్ని రోజులూ నన్నే అడుగుతాండావు. నీ వంతు ఏమీ లేదా?

ఈడ ఎండకు హాస్టలు ట్యాంకులో నీళ్ళు కాగుతాండాయి. నాలుగు దినాలైంది నిద్రపోయి.

మహేశ్వరి


బేతంచెర్ల,
5 మే 2025

జెరాక్సు చూసినా. లేదు. నువ్వు చెప్పింది నిజం.

రెండు దినాలు నా పెట్టె తిరగేసినా. పాత చొక్కాల జేబులు కూడా చూసినా. యాడా లేదు. ఆదివారం ఏసేపన్నకాడ కూర్చొని ఇదే చెప్తాంటే ఆయన నవ్వినాడు. నవ్వితే కాలు నొప్పి పెట్టింది, అయినా నవ్వినాడు.

'పుస్తకంలో యాడుంటాది రా మబ్బోడా. నువ్వు బండ మీద రాసినావు కదా' అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మా ఫ్యాక్టరీలో ఎవడూ కొలత పుస్తకంలో రాయడు. ఏ బండ కొలత ఆ బండ మీదే, సుద్దముక్కతో. పార్టీ పేరు, అడుగులు, అంగుళాలు, అన్నీ. అట్ల రాస్తే మర్చిపోము, బండే గుర్తు చేస్తాది. జనవరిలో నేను తడిపి ఎత్తినప్పుడు ఎత్తిన బండ మీదే రాసినా. గోడకు ఆనించినా. నువ్వు వచ్చినప్పుడు దాన్నే చూపించి చెప్పినా. చూపించినా కాబట్టి రాసినట్లే అనుకున్న్యా.

ఆ బండ అమ్ముడుపోయింది. యాడో ఎవరింట్లోనో నేల అయింటాది. సుద్ద తుడిచేసి, ఎవరో దాని మీద ఆకేసుకొని అన్నం తింటాంటారు.

నా వంతు ఉండాదా అని అడిగినావు. ఉండాది. రోంత కాదు, శానా. కొలత బండ మీద రాసి పుస్తకంలో రాయని తప్పు నాది. ఓనరు నన్ను నోరు మూయించినప్పుడు మిషను కాడ అడ్డం పడుకోకుండా గమ్మున కట్టింగుకు పోయిన తప్పు నాది. నేను చదువుకోలేదు అని ఆయన అంటే, అవును అనుకున్న్యా చూడు, అది అన్నిటికన్నా పెద్దది.

పాత పుస్తకాల అంగట్లో డిప్లొమా పుస్తకాలు కిలో లెక్కన కొని ఆరేండ్లు చదివినా మహేశ్వరీ. రాపిడి అంటే ఏందో, మర ఎందుకు బిగుస్తాదో ఎవరూ చెప్పకుండా తెలుసుకున్న్యా. ఒక్క నల్లట్ట ముందర అదంతా మర్చిపోయినా. 

ఓబుళేశుకు చెప్పు. వాళ్ళ నాయన గురించి నాకు తెలీదు, తెలిసుంటే రోంత మెత్తగా రాసేవాన్ని. కానీ వాళ్ళ నాయన ఊపిరి గురించి కూడా యాడో ఒక పుస్తకంలో 'అంతా బాగుంది' అని ఎవరో రాసింటారు. ఆ రాసినోడు కూడా ఏదో ఉద్యోగంలో చేరాల్సి ఉండింటాది. ఆ మాట అడిగి చూడమను.

వెల్డింగు చేయనన్న్యా. ఓనరు శుక్రవారం దాకా టైమిచ్చినాడు.

రికార్డు లేదు. నాకాడ ఇంకేం లేదు. నీకాడ ఏమన్నా ఉందేమో చూడు. ఆ రోజు నువ్వు ఫోన్లో శానా ఫోటోలు తీసినావు.

హనుమేష్


కడప,
8 మే 2025

అన్నా,

ఉండాది.

ఈ కవరులో ఫోటో పెట్టినా. ఎర్రగుంట్ల బస్టాండు దావలో ఒక స్టూడియోలో కడిగించినా, మా క్లాసోళ్ళకు కనపడకూడదని అంత దూరం పోయినా. జనవరి 19, పదకొండు గంటల నలభై నిమిషాలు అని ఫోన్లో తారీఖు కూడా ఉండాది. పైన పట్టకారు. దాని కింద గోడకు ఆనించిన బండ. బండ మీద నీ చేతిరాత: 'ఎండు 250 ఆగింది. తడి 120 జారింది.' కింద గీత రెండుసార్లు గీసినావు.

ఇప్పుడు చెప్పేది చదివి నన్ను ఏమన్నా అను.

ఈ ఫోటో మా పుస్తకంలో ఉండాది. పన్నెండో పేజీలో. పైన సగం మాత్రమే. కింద సగం నేనే కత్తిరించినా. ఓబుళేశు కాదు, సారు కాదు. ఫిబ్రవరిలో ల్యాబ్‌లో కూర్చొని, కింద సుద్దరాత గలీజుగా ఉంది, తెలుగులో ఉంది, ఇంజనీరింగు పుస్తకంలో బాగుండదు అని నేనే కత్తిరించినా. ఆ రాత చదవలేదు కూడా. మన ఇండ్లల్లో గోడ మీద పాలలెక్క రాసినట్లు ఉంటే, అట్లాంటిదే ఏదో అనుకున్నా. నువ్వు చూపించి చెప్పినావు, నిజమే. మిషన్ల మోతలో నాకు వినపడలేదు, వినపడినట్లు తలూపినా. నీకు వినపడదని అందరం నవ్వుతాము కదా.

మా నాయన పోయినాక అమ్మ నన్ను ఇంత దూరం తీసుకొచ్చింది. మన ఊర్లో ఇంజనీరింగు చదివిన ఆడపిల్లను నేనే. సుద్దరాత కనపడితే నేను యాడనుంచి వచ్చినానో అందరికీ తెలిసిపోతాదని భయపడినా. అది నిజం. దాని కన్నా మంచి కారణం నాకు దొరకలేదు.

ఫోటో ఎవరికీ చూపించలేదు. నీకు పంపిస్తాండా. అన్నా, నువ్వే ఓనరుకు చూపించు. కావాలంటే పేపరోళ్ళకివ్వు, సారుకు పోస్టు చెయ్యి. నేను ఏమీ అనను, అడ్డం రాను. కానీ నా చేత్తో నేను చేయలేను. నలుగురి ముందర నిలబడి, నేనే కత్తిరించినా అని చెప్పలేను. లేకపోతే వైవా అయిపోనీ, సర్టిఫికెట్టు చేతికి రానీ. రెండు నెలలు. ఆ తర్వాత నేనే రాస్తా, నీ మీదొట్టు.

ఏసేపన్నను అడిగినానని చెప్పు. వద్దులే, చెప్పొద్దు.

నీ చెల్లెలు, ఇంకా అట్ల అనుకుంటే,
మహేశ్వరి


బేతంచెర్ల,
10 మే 2025, శనివారం

కత్తిరించింది నువ్వు. చదవకుండా కత్తిరించినావు. చదివి కత్తిరించింటే మోసం అనేవాన్ని, నా కోపానికి ఒక దావ దొరికేది. చదవనే లేదంటివి. నా రాతను ఈ ఫ్యాక్టరీలో ఓనరు చదవడు, పార్టీలు చదవరు, అది నాకు అలవాటే. నువ్వు మన ఊరి దానివి. మన అవ్వ గోడ మీద బొగ్గుతో రాసిన లెక్క చూసి కూడికలు నేర్చుకున్న దానివి.

నిన్న శుక్రవారం. ఓనరు రాడ్లు తెప్పించి నా ముందర పడేసినాడు. చేయనంటినా, పనిలోనుంచి తీసేసినాడు. పోయేటప్పుడు తెల్లకాగితం మీద ఒకటి రాసి సంతకం పెట్టి ఇచ్చినా: ఈ పట్టకారు చేసింది నేను, ఇనుము ఫ్యాక్టరీది, తడి బండకు పనికిరాదని ఏప్రిల్లో నేను నోటితో చెప్పినా. ఆయన చదివి, 'దొంగతనం నువ్వే ఒప్పుకున్న్యావు కదప్పా' అని నవ్వినాడు. ఒప్పుకున్న్యా. నా వంతు అయిపోయింది. వెల్డింగుకు ఇంకొకన్ని చూస్తాండాడు. మంగళవారం డోన్ నుంచి వస్తాడంట. వాడు మీ పుస్తకం చూసే చేస్తాడు.

రెండు నెలలు ఆగమంటాండావు. బండ ఆగదు. ఏసేపన్న మీద బండ ఆ సోమవారమే జారింది, సర్టిఫికెట్టు వచ్చినాక జారలేదు.

ఏసేపన్నకు నీ ఉత్తరం చదివి వినిపించినా. నువ్వు చెప్పొద్దన్నావు, చెప్పినా. ఆయన ఫోటో చేతిలోకి తీసుకొని శానాసేపు చూసినాడు. 'ఆ పాపకు భయం రా. భయం ఉన్నోళ్ళే మంచి ఇంజనీర్లు అవుతారు, భయపడాల్సినదానికి భయపడితే' అన్నాడు. నాగక్క మాత్రం, 'ఆ పాప వేళ్ళు పదీ ఉండాయి కదా, రాయమను' అనింది. నాకు నాగక్క మాటే నచ్చింది.

ఫోటో నీకే తిరిగి పంపిస్తాండా. ఈ కవరులోనే ఉండాది. నన్ను బయట పెట్టమన్నావు. పెట్టను. నేను పెడితే అది పని పోయిన కూలోడి గోల. ఇనుము దొంగిలించినోడు కాలేజీ పిల్లల మీద ఏడుస్తాండాడు అంటారు, పారేస్తారు. నువ్వు పెడితే అది కొలత. మీ సారు రికార్డు అడిగినాడు కదా? తారీఖు ఉండాది, టైము ఉండాది, నీ ఫోన్లో ఉండాది, మీ పుస్తకంలో సగం ముందే అచ్చయి ఉండాది. మిగిలిన సగం అతికించేదానికి నీకు గమ్ము చాలు.

నాకు కావాల్సింది ఇది. పన్నెండో పేజీలో ఫోటో మొత్తం పెట్టాల, సుద్దరాతతో సహా, తెలుగులోనే. ముప్పై నాలుగో పేజీలో ఈ కొలతలు అమావాస్య రోజు రెండు దినాలు ఎండిన బండల మీద తీసినవని రాయాల. తడి బండకు నూట ఇరవైకే జారిందని రాయాల. ఏప్రిల్ 21న ఒకరి కాలి వేళ్ళు మూడు పోయినాయని రాయాల. నా పేరు అక్కర్లేదు. ఆయన పేరు రాయాల, ఇంటిపేరుతో, కావాలంటే నాగక్కను అడిగి చెప్తా. ఆ కాపీ ఓనరుకు రిజిస్టరు పోస్టులో రావాల, మీ కాలేజీ ముద్రతో. ఆయన నమ్మేది ముద్రనే.

లేదంటావా, పదహారో తేదీ పొద్దున మీ వైవా గది ముందర ఉంటా. తెలిసిన లారీలో ఆరడుగుల బండ ఒకటి, నా పట్టకారు, కప్పీ గొలుసు, ఒక చెంబు నీళ్ళు తెస్తా. ఎవరినీ ఏమీ అనను. ఎవరి పేరూ చెప్పను, నీ పేరు అసలు చెప్పను. బండను మోకాలెత్తు లేపుతా. మీ ముప్పై నాలుగో పేజీ మీద నమ్మకం ఉన్న నలుగురూ వచ్చి, చెప్పులేసుకొని, దాని కింద కాళ్ళు పెట్టి నిలబడండి. ఎగ్జామినరు సారును కూడా రమ్మను. అప్పుడు చెంబులో నీళ్ళు నేను బండ మీద పోస్తా.

చిన్నమ్మకు చెప్పద్దన్నావు, చెప్పలేదు. ఎప్పటికీ చెప్పను. అది వేరే.

పద్నాలుగో తేదీ, బుధవారం, సాయంత్రం పోస్టు లోపల నీ జవాబు నా చేతిలో ఉండాల. కాగితం మీద. చెరపకుండా.

హనుమేష్